పదహారో చోటు

నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరుగారు మీరా మొహిద్దీన్ మోకాళ్ళ మీద చిన్న సుత్తితో తట్టి చూశారు. కుడికాలు ఎగిరింది. ఎడమకాలు, తననెవరూ పిలవలేదన్నట్టు, ఊరుకుంది.

"లేచి నడువు" అన్నారు.

మొహిద్దీన్ వరండా ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. తిరిగి రాలేక మధ్యలో ఉన్న బల్ల మీద కూలబడ్డాడు. జ్వరం తగ్గి నెల దాటింది. టైఫాయిడ్ నలభై రోజులు మంచాన పడేసి, పోతూ పోతూ కాళ్ళలోని సత్తువంతా పట్టుకుపోయింది. అంతకు ముందు పదమూడేళ్ళు అతను తపాలా రన్నరు. కోట ఊరి పోస్టాఫీసులో సంచీ భుజానికెత్తుకుంటే కాలవ దాటి, సరుగుడు తోపుల్లోంచి సముద్రపు ఒడ్డున ఉన్న పాళేల దాకా తొమ్మిది మైళ్ళు. తిరిగి తొమ్మిది మైళ్ళు. ఆ పనికి కాళ్ళే పెట్టుబడి. డాక్టరు కాగితం మీద సంతకం పెడితేనే మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకుంటామని పైవాళ్ళు రాశారు.

"నవంబరు ఇరవయ్యో తేదీన రా" అన్నారు డాక్టరుగారు. "ఈ వరండా ఇరవైసార్లు తిరగాలి. ఆ మెట్లన్నీ ఎక్కి దిగాలి. చేస్తే ఫిట్ అని రాస్తాను. చెయ్యలేకపోతే అబద్ధం రాయలేను."

మొహిద్దీన్ తల దించుకున్నాడు. ఆయన గొంతు తగ్గించారు.

"మందుల పని అయిపోయిందయ్యా. ఇక కాళ్ళకే పని చెప్పాలి. నడువు, ఎగురు, గంతులెయ్, నీ ఇష్టం. ఒక్కడివే మాత్రం చెయ్యకు. ఒంటరిగా మొదలుపెట్టినవాళ్ళు వారం తిరక్కుండా మానేస్తారు."

ఆ మాట చెప్పి, బయట ఇంకా పాతికమంది రోగులున్నా, తానే చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించారు. అది 1961, ఆగస్టు నెలాఖరు.

మొహిద్దీన్ ఇల్లు గుల్లపాళెం మొదట్లోనే ఉంది. పాళెంలో అందరూ తెప్పల మీద వేటకు పోయేవాళ్ళు. ఒక్క మొహిద్దీన్ ఇంట్లోనే తపాలా సంచీ, అతని భార్య జాన్‌బీ కుట్టుమిషనూ ఉండేవి. పొద్దున వేట ముగిసి, చేపలు అమ్ముడుపోయి, వలలు ఆరేసుకున్నాక, పొద్దు వాలే వేళకు మగవాళ్ళు ఒడ్డున గట్టి ఇసక మీద చేరి కోలాటం వేసేవారు. అది పండగ కోసం కాదు. సముద్రం మీదికి పోయేవాడికి నడుం పట్టెయ్యకుండా, తెప్ప మీద కాలు తడబడకుండా ఉండాలంటే అదే మందని వాళ్ళ నమ్మకం. తాళాలు పట్టి ఆడించే గంగులయ్యకు అరవై దాటాయి. గొంతుక్కూర్చుని గభాలున లేచే అడుగుల కోపు వేస్తే కుర్రవాళ్ళు ఇప్పటికీ ఆయనకు సరిరారు.

ఆయనే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"ఏంది సాయిబూ, డాక్టరు ఎగరమన్నాడంట గదా? రేపట్నించి మా కాడికి రా. ఎగరడానికి మా అంత పనిలేనోళ్ళు యాడుండారు?"

"నా కాలు చూసినావు గదా మామా. నేనొస్తే మీ ఆట చెడిపోతది."

"చెడిపోయేదేముందిలే. ఎట్టాగూ ఒక చోటు ఖాళీగానే ఉండాది."

ఆ ఖాళీ సంగతి మొహిద్దీన్‌కు తెలుసు. కిందటేడు నవంబరు గాలివానలో చిన్నపోలయ్య తెప్ప తిరగబడింది. తెప్ప మీద ఇద్దరున్నారు. మాల్యాద్రి ఈదుకుంటూ వచ్చాడు, చిన్నపోలయ్య రాలేదు. శవం కూడా రాలేదు. శవం ఒడ్డుకు చేరని మనిషిని ఏడాది తిరిగేదాకా పోయాడని అనకూడదు. అది ఆ పాళెం కట్టుబాటు. కర్మ చెయ్యరు, పేరు తప్పించరు. కోలాటంలో అతని చోటు అట్లాగే వదిలేస్తారు. పదహారుమంది ఆడే చోట పదిహేనుమంది ఆడతారు. ఆ ఖాళీకి ఎదురైనవాడు కోలలు గాలికి చాచి, తగిలినట్టే వెనక్కి తీసుకుని ముందుకు పోతాడు. ఏడాది నిండిన రోజున పోయినవాడి కోలలు నీళ్ళకిచ్చి, వలయాన్ని దగ్గరికి జరుపుతారు.

"ఆ చోట్లో నేను నిలబడొచ్చా?" అన్నాడు మొహిద్దీన్.

గంగులయ్య వేళ్ళు మడిచి లెక్క చూశాడు. "మా వాడొకడు నిలబడితే చోటు నిండినట్టు, అది కూడదు. నీకు మా వంశం లేదు, మా వల లేదు, మా తెప్ప లేదు. నువ్వు ఒళ్ళు బాగుచేసుకునేదానికి ఎగురుతుండావు. నువ్వు నిలబడితే నిండినట్టు కాదులే" అని తేల్చాడు.

తప్పు అక్కడే జరిగింది. కానీ ఆ రోజున ఆ మాట అందరికీ న్యాయంగానే తోచింది.

మర్నాడు చిన్నపోలయ్య తల్లి పేరమ్మ ఒక జత కోలలు తెచ్చి మొహిద్దీన్ చేతిలో పెట్టింది. తుమ్మ చేవతో చేసినవి. పట్టుకునే చోట నల్లగా నునుపెక్కాయి.

"మూలన పడుంటే చెద పడతది నాయనా. వాడొచ్చేదాకా నువ్వు తిప్పు" అంది.

మొదటి పదిరోజులూ నవ్వులే. మొహిద్దీన్ ఎడమకాలు ఇసకలో గీత గీసుకుంటూ వెనకబడేది. మూడు చుట్లు తిరిగేసరికి రొప్పుతూ కూర్చునేవాడు. "ఏం సాయిబూ, ఉత్తరం అనుకోని నేలకి ముద్ర కొడతుండావా?" అని ఒకడంటే, "ముద్ర సరిగా పడలేదు, ఇంకోటి కొట్టు" అని ఇంకొకడు. అంటూనే అతను లేచేదాకా ఎవరూ ఆట మొదలుపెట్టేవాళ్ళు కాదు. నీళ్ళ చెంబు తెచ్చి పక్కన పెట్టి, అటు తిరిగి వలల గురించి మాట్లాడుకునేవారు. అతని రొప్పు తాము వినలేదన్నట్టు.

జాన్‌బీ వాకిట్లోంచే సాధించేది. "పదమూడేళ్ళు సంచీ మోసినోడివి, ఈ వయసులో కట్టెపుల్లలు పట్టుకోని గంతులా? మా నాయన చూసుంటే ఈ సంబంధం వద్దనేవాడు."

"మీ నాయన చూడకుండానే ఇచ్చినాడు గదా."

"అందుకే గదా ఇట్టా తగలడింది" అనేది. రాత్రికి ఆముదం వెచ్చచేసి ఆ కాలికే గంటసేపు రాసేది.

పదకొండో రోజో, పన్నెండో రోజో, ఎండ ఇంకా తెల్లగా ఉంది. సముద్రం పళ్ళెంలా కదలకుండా పడుకుంది. గంగులయ్య తాళం జోరు పెంచాడు. మొహిద్దీన్ కూలబడదామనుకున్నాడు. అప్పుడు ఎడమకాలు లేచింది. అతను లేపలేదు. అది లేచి, సరిగ్గా తాళం మీద పడింది. మళ్ళీ లేచింది. కోలలు ఎదుటివాడి కోలలను వెతుక్కుని కొట్టాయి. ఆ చప్పుడు మిగతా పదిహేనుమంది చప్పుడు కన్నా రవ్వంత ముందు వినిపించింది.

ఆ సాయంత్రం అతను కూర్చోకుండా ఆట ముగించాడు. అందరూ వీపు తట్టారు. అతను ఇంటికి నవ్వుకుంటూ వచ్చాడు. జాన్‌బీ ఆ నవ్వు చూసి సాధించడం మరిచిపోయింది.

వారం తిరిగేసరికి తొడలు గట్టిపడ్డాయి. ఆకలి పెరిగింది. సెప్టెంబరు దాటేసరికి అతను వలయమంతటికీ ముందు తేలుతున్నట్టు ఆడేవాడు. ఒకనాడు కోల తగిలించి, ఎడమ మడమ మీద సగం తిరిగి, వీపు వెనక నుంచి రెండో కోల అందించాడు. తాళాలు ఆగిపోయాయి.

"ఆ తిప్పుడు నీకెవరు నేర్పినారు?" అన్నాడు గంగులయ్య.

"మీరే గదా మామా."

"నాకే రాదు అది."

మాల్యాద్రి తన కోలలు చంకలో పెట్టుకుని అరచేతులు పంచెకు తుడుచుకున్నాడు. చిన్నపోలయ్య పక్కన ఆరేళ్ళు ఆడినవాడు అతను.

"నేను దినామూ నీ పక్కన ఆడతుండా" అన్నాడు నెమ్మదిగా. "ఈ దెబ్బ నీది కాదు సాయిబూ."

అప్పుడు గంగులయ్య వంగి ఇసక చూశాడు. అందరూ చూశారు. పదిహేనుమంది అడుగులు పొడి ఇసకలో పొడిగానే ఉన్నాయి. మొహిద్దీన్ అడుగుల్లో మాత్రం నీళ్ళు ఊరుతున్నాయి. అల అక్కడికి ముప్ఫై గజాల దూరంలో ఉంది.

"పోటు నీళ్ళు లోపల్నించి ఊరుంటయిలే" అన్నాడెవరో. ఆ మాటను ఎవరూ ఒప్పుకోలేదు, కాదనలేదు.

ఆ రోజు నుంచి మొహిద్దీన్ తన కాళ్ళను కనిపెట్టి చూడడం మొదలుపెట్టాడు. ఇంటి నుంచి ఒడ్డుకు పోయేటప్పుడు అవి పరుగెత్తినట్టు పోయేవి. ఒడ్డు నుంచి పడమటికి తిరిగితే ఒక్కో అడుగూ బురదలోంచి పీకినట్టు వచ్చేది. కోట వైపు రెండు మైళ్ళు నడిచి చూద్దామని ఒక ఉదయం బయలుదేరాడు. సరుగుడు తోపు దాటక ముందే ఎడమకాలు పాతరోజుల్లోలా గీత గీసింది. వెనక్కి తిరిగాడు. వెంటనే తేలికపడింది. తోపులో గాలి లేదు. కొమ్మలు మాత్రం హోరుమంటున్నాయి. ఆ హోరులోనే అతని కాళ్ళు నడిచి నడిచి, ఇల్లు దాటి, పాళెం దాటి, నీళ్ళ అంచున ఆగాయి. ఆగమని అతను రెండుసార్లు అనుకున్నాక ఆగాయి.

పేరమ్మ ముఖంలో మాత్రం ఏడాదిగా లేని తేట కనిపించింది. ఆమె దినమూ వచ్చి వలయానికి ఎదురుగా కూర్చునేది. పైకి చూసేది కాదు. మోకాళ్ళ కిందనే చూసేది. ఆట ముగిశాక మూకుట్లో మట్టగిడస చేపల పులుసు, అన్నం తెచ్చి పెట్టేది. పులుసు తింటుంటే ఈ రుచి తనకు చిన్నప్పటి నుంచీ తెలుసని మొహిద్దీన్‌కు అనిపించేది. ఆ సంగతి జాన్‌బీకి చెప్పలేదు.

నవంబరు వచ్చింది. ఆకాశం కిందికి దిగింది. చిన్నపోలయ్యకు పదకొండో తేదీతో ఏడాది నిండుతుంది. గంగులయ్య మొహిద్దీన్‌ను పక్కకు పిలిచాడు.

"నాదే పొరపాటు సాయిబూ. బయటోడివి గదా, చోటు నిండదనుకున్నా. చోటుకి వంశం తెలుస్తదా? కాళ్ళుంటే చాలు దానికి. నువ్వు నిలబడినావు, వాడు ఉండిపోయినాడు. పదకొండో తేదీ నువ్వు బయటికి వచ్చెయ్యాల."

"డాక్టరు చెప్పింది ఇరవయ్యో తేదీ మామా. ఇంకో తొమ్మిది దినాలు..."

"ఏడాది అంటే ఏడాదే. దాటితే వాడు ఇంక పోడు."

ఇంటికొచ్చి జాన్‌బీతో చెప్పాడు. ఆమె మిషను తొక్కడం ఆపింది.

"వాళ్ళ లెక్కలు వాళ్ళవి. తొమ్మిది దినాలు ఆడు. కాగితం రాయించుకో. ఆ తర్వాత ఆ కట్టెలు పొయ్యిలో పెడతా" అంది. ఉద్యోగం పోతే ఏమవుతుందో ఇద్దరూ అనుకోలేదు. అనుకోనక్కర్లేదు.

అతను కూడా అదే మంచిదనుకున్నాడు. పదో తేదీ సాయంత్రం దాకా అనుకున్నాడు.

ఆ సాయంత్రం ఆట ముగిసి, అందరూ ఇళ్ళకు పోతున్నారు. మొహిద్దీన్ ఒడ్డు వెంట నడుస్తున్నాడు. ఉన్నట్టుండి ముందు నుంచి ఎవరో "పోలయ్యా!" అని పిలిచారు.

"ఏమ్మా" అని తలెత్తాడు.

ఎదురుగా పేరమ్మ, చేతిలో మూకుడు. ఆమె పిలిచినందుకు బెదరలేదు. అతను పలికినందుకు బెదిరింది. అతనూ బెదిరాడు. అప్పుడు వెనక నుంచి ఎవరో భుజం పట్టి లాగారు. జాన్‌బీ. రొప్పుతోంది. ముసుగు జారిపోయి ఉంది.

"మూడుసార్లు పిలిచినానయ్యా. మీరా, మీరా అని గొంతు చించుకోని పిలిచినా. నా వైపు చూడనే లేదు నువ్వు."

మర్నాడు మధ్యాహ్నం మొహిద్దీన్ ఒక్కడే పేరమ్మ గుడిసెకు వెళ్ళాడు. ఆమె వాకిట్లోనే ఉంది. ఏడాదిగా ఆమె గడప లోపల పడుకోలేదని పాళెంలో అందరికీ తెలుసు.

"అక్కా, నేను మీరా మొహిద్దీన్ని" అన్నాడు.

"తెలుసులే నాయనా. నాకు పిచ్చి పట్టలేదు. ముఖం నీదే, మాట నీదే. కాళ్ళు మాత్రం వాడివి. నాకు అయి చాలు." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "నీకూ ఆ కాళ్ళే గదా కావాల్సింది? ఇద్దరికీ మంచిదే గదా. గంగులయ్య మాట పట్టుకోని ఎందుకు మానేస్తావు?"

అతను ఆమె ఎదుట ఇసకలో కూర్చున్నాడు.

"నిన్న జాన్‌బీ మూడుసార్లు పిలిచింది. నాకు వినపళ్ళేదు. నువ్వు వాడి పేరు ఒక్కసారి పిలిస్తే పలికినాను. ఇంకో తొమ్మిది దినాలకి నేను యాడుంటానో నాకు తెలవదక్కా. నా ఇంటిది కూడా నీ మాదిరి వాకిట్లో కూచుంటది."

పేరమ్మ కళ్ళు సముద్రం వైపు పోయి, అక్కడి నుంచి మొహిద్దీన్ ఇంటి వైపు తిరిగాయి. మిషను చప్పుడు సన్నగా వినిపిస్తోంది.

"కూచోలేదు ఆ బిడ్డ" అంది చివరికి. "నావల్లనే కాలేదు, దానివల్ల యాడవుతది." లేచి చీర దులుపుకుంది. "పద."

వాన ఇంకా పడలేదు. మబ్బు కింద వెలుతురు పసుపుపచ్చగా ఉంది. పదహారు చోట్లూ నిండి ఆట మొదలైంది. మొహిద్దీన్ అంత బాగా ఎన్నడూ ఆడలేదు. మడమ మీద తిరిగి వీపు వెనక నుంచి కోల అందిస్తుంటే, మాల్యాద్రి ఏడుస్తూనే అందుకున్నాడు. ఇద్దరు ముగ్గురు ఆడుతూనే చిన్నపోలయ్య పేరు గొణిగారు. తాళం ఆగింది. పదిహేనుమంది ఆగారు.

మొహిద్దీన్ కాళ్ళు ఆగలేదు. వలయంలోంచి బయటికి వచ్చి, ముప్ఫై గజాలూ అదే కోపు వేసుకుంటూ నీళ్ళలోకి దిగాయి. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాక అతను కోలలు వదిలెయ్యాలనుకున్నాడు. వేళ్ళు తెరుచుకోలేదు. నీళ్ళు నడుముకు వచ్చాయి. వెనక జాన్‌బీ అరుపు వినిపిస్తోంది. ఈసారి వినిపిస్తోంది, కానీ తిరగలేకపోతున్నాడు. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. ఇంకో అడుగు వేస్తే హాయిగా ఉంటుందని కాళ్ళు చెబుతున్నాయి.

పేరమ్మ అతని ముందుకు వచ్చి నిలబడింది. ముసలిది, అల తగిలినప్పుడల్లా ఊగిపోతోంది. అతని చెయ్యి పట్టుకుని ఒక్కో వేలూ తెరిచింది, నిద్రపోయిన పిల్లవాడి గుప్పిట్లోంచి బొమ్మ తీసినట్టు.

"అలిసిపోయినావు నాయనా. చాల్లే. ఈ మనిషిని వదిలెయ్. నాకోసరం నిలబడొద్దు, పో."

కోలలు నీళ్ళలో పడ్డాయి. అల ఒడ్డుకు వస్తోంది. కోలలు అలకు ఎదురుగా, పక్కపక్కనే, తూర్పుకు పోయాయి. ఎవరో తీసుకుని నడిచిపోతున్నట్టు తొందర లేకుండా పోయాయి.

మొహిద్దీన్ ఎడమకాలు మడతపడింది. మాల్యాద్రి దూకి వచ్చి ఎత్తుకున్నాడు. ఒడ్డున గంగులయ్య తాళం ఒక్కసారి మోగించాడు. మాల్యాద్రి పోగా మిగిలిన పద్నాలుగుమందీ ఒక్కో అడుగు దగ్గరికి జరిగారు. ఆ రాత్రి పేరమ్మ గుడిసె లోపల పడుకుంది.

మర్నాడు పొద్దున మొహిద్దీన్ లేచి నిలబడితే ఎడమకాలు ఈడ్చింది. అతను గోడ పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. జాన్‌బీ తలుపు గడియ పెట్టి, వంటింట్లోంచి రెండు తెడ్లు తెచ్చింది.

"ఏం చేస్తుండావు?"

"నోరు మూసుకోని కాలెత్తు. ఎవురన్నా చూస్తే నవ్వుతారు, తొందరగా కానీ." తెడ్లు రెండూ తట్టింది. తాళం సరిగా లేదు. అతను నవ్వాడు, ఆమె తిట్టింది, మళ్ళీ తట్టింది. కాలు ఈడుస్తూనే ఉంది. కానీ ఆయాసం రాలేదు. నలభై చుట్లు తిరిగినా రాలేదు. తొడలో ఏదో కొద్దిగా మిగిలింది. అది తనదేనని అతను పట్టుకు చూసుకుని నమ్మాడు. ఎనిమిది రోజులూ ఆ ఇంటి తలుపు పొద్దున్నే మూసుకుంది. వంట ఆలస్యమైంది.

ఇరవయ్యో తేదీన డాక్టరుగారు వరండా చివర కుర్చీ వేసుకుని కూర్చుని లెక్కపెట్టారు. మొహిద్దీన్ ఇరవైసార్లు తిరిగాడు. మెట్లు ఎక్కాడు, దిగాడు. చొక్కా తడిసిపోయింది. ఎక్కడా ఆగలేదు.

"ఎడమకాలు ఈడుస్తున్నావే?"

"అవును సార్. అది నాదే."

డాక్టరుగారికి ఆ జవాబు అర్థం కాలేదు. అయినా నవ్వారు. "ఈడ్చినా నడుస్తోంది కదా, చాలు. ఏదీ, చొక్కా ఎత్తు."

స్టెతస్కోపు గుండె మీద పెట్టి విన్నారు. కొంచెం పక్కకు జరిపి విన్నారు. చెవుల్లోంచి తీసి, చేతిరుమాలుతో తుడిచి, కిటికీ వైపు చూశారు. బయట ఎండ. చెట్ల మీద ఆకు కదలడం లేదు. లేచి కిటికీ మూసి, మళ్ళీ చెవులకు పెట్టుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నారు. దూరం నుంచి వచ్చే హోరును వినే మనిషిలా తల ఒక పక్కకు వంచారు.

"మీ ఇల్లు సముద్రానికి ఎంత దూరం?"

"కూతవేటు దూరం సార్. ఏమన్నా తేడాగా ఉందా?"

"తేడా ఏం లేదు. బలంగా ఉంది. చాలా బలంగా ఉంది" అన్నారాయన. కాసేపు కలం పట్టుకుని ఊరికే కూర్చున్నారు. తర్వాత ఫిట్ అని రాసి సంతకం పెట్టి కాగితం చేతికిచ్చారు.

మొహిద్దీన్ దండం పెట్టి బయటికి వచ్చాడు. గేటు దగ్గర జాన్‌బీ టిఫిను క్యారియరు ఒళ్ళో పెట్టుకుని ఎండలో కూర్చుని ఉంది. అతను పిలవకముందే లేచి నిలబడింది.